వణుకు ఎక్కడిది?

మొదటి ఫొటో కదిలింది. రెండోదీ కదిలింది. మూడోదాన్ని కుర్చీ పక్కన పెట్టిన కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసి, ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇందులో నాకు రెండు ముక్కులొచ్చాయి," అంది.

"మంచిదేగా అక్కా. ఒకదానికి గొట్టం తగిలించుకుని రెండోదాంతో హాయిగా ఊపిరి పీల్చుకో," అన్నాడు తమ్ముడు.

ఆవిడ నవ్వబోయి దగ్గింది. ఫొటో కోసం తీసి చేత్తో పట్టుకున్న ఆక్సిజన్ గొట్టాన్ని తమ్ముడు గబుక్కున మళ్ళీ ఆవిడ ముక్కుకు అమర్చాడు. గది మూల ఉన్న ఆక్సిజన్ మెషిన్ గుర్రుమంటూ తన పని తాను చేసుకుపోతోంది.

కెమెరా వెనక నిలబడ్డ భర్త మాత్రం నవ్వలేదు. స్టాండు మీదున్న కెమెరాని అనుమానంగా చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా నమ్మిన మనిషి ఇవాళ అబద్ధమాడుతున్నట్టు.

అతణ్ణి ఊరంతా 'కదలొద్దు' అంటుంది. అది అతని పేరు కాదు, పని. అతని స్టూడియోలో ఫ్లాష్ వెయ్యరు. పెద్ద కిటికీలోంచి వచ్చే వెలుగే వెలుగు. ఆ వెలుగుకి కెమెరా సున్నితత్వాన్ని బాగా తగ్గించి, షట్టర్‌ని దాదాపు అర సెకను తెరిచి ఉంచుతాడు. అలా తీసిన ఫొటోని తలుపంత సైజులో ప్రింటు వేసినా చర్మం మీద గరుకు కనపడదు, పట్టులా ఉంటుంది. కానీ ఆ అర సెకనులో ఎదుటి మనిషి వెంట్రుకవాసి కదిలినా ఫొటో చెత్తబుట్టకే. అందుకే పెళ్ళికొడుకైనా, కాలేజీ ప్రిన్సిపాలైనా, పోలీసు అధికారైనా అతని నోట వినే మాట ఒక్కటే: "కదలొద్దు!"

తీసేది అతను. తీర్పు మాత్రం ఆవిడది. వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఫొటోలోని కనురెప్ప వెంట్రుక తాడంత లావయ్యేదాకా పెద్దది చేసి చూసేది. చూసి ఒక్క మాట అనేది. 'నిలిచింది', లేకపోతే 'కదిలింది'. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. బట్టలు మార్చుకుని మెట్లు దిగిపోతున్నవాళ్ళను వెనక్కి పిలిపించిన రోజులున్నాయి.

అలా వెనకగదిలోనే ఉండిపోయింది కాబట్టి, ఆవిడకంటూ ఒక్క మంచి ఫొటో లేదు.

ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని ఆస్పత్రిలో చెప్పారు. ఉన్న మందులన్నీ వాడారు. చివరికి పెద్ద డాక్టర్ చేతులెత్తేసి, "ఇంటికి తీసుకెళ్ళండి," అన్నాడు. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలుసు. పళ్ళ డాక్టరైన తమ్ముడికి తెలుసు. భర్త మాత్రం ఆస్పత్రి మెట్లు దిగుతూనే బంధువులందరికీ ఫోన్లు చేశాడు. "ఇంటికి పంపించేశారంటే తగ్గినట్టేగా!"

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అతనితో ఒక మాట చెప్పాలని చూస్తోంది. "ఏవండీ, నేను పోయేలోగా..." అని మొదలుపెట్టగానే అతనికి పక్కగదిలో ఏదో పని గుర్తొస్తుంది. పాలు పొంగుతాయి. ఫోన్ మోగుతుంది. ఏదీ లేకపోతే, "పిచ్చి మాటలు మాట్లాడకు, వచ్చే నెలకి నువ్వే మెట్లెక్కుతావు," అని దాటేస్తాడు. నిన్న పొద్దున ఆవిడ అతని చొక్కా పట్టుకుని ఆపింది. లాగి పట్టుకునే బలం లేదు, వేళ్ళు తగిలించి ఉంచింది, అంతే. అతను విడిపించుకోలేక బేరం పెట్టాడు.

"ముందు నీదొక మంచి ఫొటో తీయనీ. అది నిలిచిన రోజు కూర్చుని నువ్వు చెప్పేదంతా వింటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

అందుకే ఈ మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ ఇంటి ముందుగదిలోనే ఉన్న స్టూడియోలో ఉన్నారు. ఫొటో నిలవాలి. నిలిస్తే ఆవిడకు మాట్లాడే హక్కు వస్తుంది. ఆవిడ ఎంతసేపు కూర్చోగలదో ఎవరికీ తెలియదు. సాయంత్రమయ్యేకొద్దీ కిటికీలో వెలుగు తగ్గుతుంది. వెలుగు తగ్గేకొద్దీ షట్టర్ ఇంకా ఎక్కువసేపు తెరవాలి. అంటే ఇంకా ఎక్కువసేపు కదలకుండా ఉండాలి.

"ఫ్లాష్ వేసి పారెయ్ బావా. మా క్లినిక్‌లో నా ఫోన్‌తో నేను తీస్తాను, పన్ను మీద మచ్చ కూడా దొరుకుతుంది."

"పన్ను కదలదు కదరా," అన్నాడు భర్త.

"నా దగ్గరికొచ్చే పళ్ళన్నీ కదిలేవే!"

"ఫ్లాష్ వద్దు," అంది ఆవిడ. "మన పద్ధతిలోనే తీయాలి. మీరు రిమోట్‌తో నొక్కారు కాబట్టి చెయ్యి తగల్లేదు. అయినా కదిలిందంటే వణుకు ఇంకెక్కణ్ణుంచో వస్తోంది. లెన్స్ పక్కన మీట చూశారా?"

అతను చూశాడు. మొహం మాడిపోయింది.

లెన్సులో వణుకును సరిదిద్దే ఏర్పాటు ఒకటుంటుంది. కెమెరాని చేత్తో పట్టుకున్నప్పుడు అది దేవుడితో సమానం. స్టాండు మీద పెట్టినప్పుడు మాత్రం మీట నొక్కి ఆపెయ్యాలి. లేకపోతే లేని వణుకును వెతుక్కుంటూ లోపల అదే అటూ ఇటూ కదిలి ఫొటోని చెడగొడుతుంది. ఈ సంగతి స్టూడియోలో చేరిన మొదటి రోజు ప్రతివాడికీ అతనే చెప్పేవాడు.

"కావాలనే ఆపలేదు కదా మీరు?" అంది ఆవిడ.

"ఛ! మర్చిపోయాను."

"మీరా?"

అతను మీట ఆపాడు. రిమోట్ అందుకున్నాడు.

నాలుగో ఫొటోకి ముక్కు ఒకటే వచ్చింది. కానీ కనురెప్పలు ఇంకా పొగలా ఉన్నాయి. ఆవిడ తెర మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"అద్దం."

కెమెరా లోపల ఒక చిన్న అద్దం ఉంటుంది. తీసేవాడు చూసే దృశ్యం దాని మీంచే వస్తుంది. బటన్ నొక్కగానే అద్దం టప్పున పైకి లేచి దారి ఇస్తుంది, అప్పుడు షట్టర్ తెరుచుకుంటుంది. ఆ టప్పుకి కెమెరా ఒళ్ళంతా అదురుతుంది. దానికి విరుగుడుంది. ఒకసారి నొక్కితే అద్దం మాత్రమే లేచేలా పెట్టుకోవాలి. అదురు సద్దుమణిగేదాకా ఆగి, రెండోసారి నొక్కితే అప్పుడు ఫొటో పడుతుంది.

ఇదీ అతనికి తెలియనిది కాదు. ప్రతి ఫొటోకీ చేసే పనే. ఇవాళ మాత్రం ప్రతిదీ ఆవిడ గుర్తు చేయాల్సి వస్తోంది.

"బావా, స్టాండు మధ్య రాడ్డుని అంత పైకి లాగావేం? జిరాఫీ మెడలా ఊగుతోంది," అన్నాడు తమ్ముడు.

"వాడికి కూడా కనపడింది," అంది ఆవిడ.

రాడ్డుని కిందికి దించి, కాళ్ళనే పొడుగు చేశాడు. స్టాండు నడుముకి బరువైన లెన్సుల సంచీ వేలాడదీశాడు. వేలాడుతున్న కెమెరా బెల్టుని తీసి జేబులో కుక్కుకున్నాడు. తమ్ముడు గొట్టం తీశాడు. ఆవిడ కుర్చీ వీపుకి తల ఆనకుండా నిటారుగా కూర్చుంది.

"కదలొద్దు," అన్నాడు భర్త. ఆ మాట ఆవిడతో అనడం అతనికి ఇదే మొదటిసారి.

టప్. ఆగాడు. క్లిక్.

గొట్టం మళ్ళీ ముక్కుకు చేరింది. ఈసారి ఆవిడ చాలాసేపటిదాకా మాట్లాడలేకపోయింది. తెరకేసి చూసి తల అడ్డంగా ఊపింది.

"నేల," అంది చివరికి.

స్టూడియో నేల చెక్కది. కింద లాండ్రీ. అక్కడ పెద్ద డ్రమ్ముల్లాంటి మెషిన్లలో బట్టలు గిరగిరా తిరుగుతుంటాయి. ఆ తిరుగుడు గోడలెక్కి, దూలాలెక్కి, చెక్కల్లోంచి స్టాండు కాళ్ళలోకి పాకుతుంది. మామూలు రోజుల్లో లాండ్రీ మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడే పెద్ద ఫొటోలు తీసేవాళ్ళు.

"నేను చెప్పొస్తా," అని తమ్ముడు లేచాడు. భర్త వెనకే మెట్లదాకా వెళ్ళాడు. మెట్ల మలుపులో తమ్ముడు ఆగాడు. మొహంలో వేళాకోళం లేదు.

"బావా, ఒక మాట అడగనా? అక్క ఏదో చెప్పాలని అంత తాపత్రయపడుతోంది. ఎందుకు చెప్పనివ్వవు?"

"ఎవర్ని?"

"అక్కనే! వినకుండా తప్పించుకు తిరుగుతావేం?"

"ఫొటో అవగానే వింటానన్నానుగా."

"ఫొటో అవకపోతే?"

"ఎందుకవదు? నువ్వు దిగు ముందు. వెలుగు పోతోంది."

తమ్ముడు అతని మొహంలోకి చూసి, ఇంకేం అనకుండా దిగాడు. కాసేపటికి కింద ఒక్కో మెషిన్ ఆగిపోతూ, స్టూడియో నేల మెల్లిగా మొద్దుబారింది. తమ్ముడు ఆయాసపడుతూ పైకొచ్చాడు.

"ఎలా ఒప్పించావు?" అంది అక్క. "ఆ లాండ్రీ ఆవిడ మీ బావకి కూడా జంకదు."

"నన్ను చూడగానే 'ఆపను, ముంచిన దుప్పట్లు పాడైతే నువ్వు ఉతుకుతావా డాక్టరూ' అంది. ఫొటో అక్కది అన్నాను. చేతులు తుడుచుకుని ఒక్కో మెషినూ తనే కట్టేసింది. బయటికెళ్ళి గుమ్మం మీద కూర్చుంది, ఎవరూ తలుపు ధడేలుమని వెయ్యకుండా."

ఆవిడ పెదాలు బిగించి కిటికీ వైపు చూసింది.

ఈసారి ఫొటో పడ్డాక ఆవిడ తెరమీద మొదట చూసింది తన మొహం కాదు. కుర్చీ వీపు. ఆవిడ చెంప పక్కనే కనిపిస్తున్న ఆ చెక్క మీద సన్నటి గీతలున్నాయి. అవి దాదాపు తేలాయి. దాదాపే.

"ఇంకొకటి మిగిలింది," అంది ఆవిడ. ఇద్దరూ ఆవిడ చూపు వెంట చూశారు.

మూలనున్న ఆక్సిజన్ మెషిన్.

"దాన్ని ఆపడానికి వీల్లేదు," అన్నాడు భర్త.

"ఫొటోకి ఎలాగూ గొట్టం తీస్తున్నాంగా. ఆ కాసేపూ తిరిగి అది చేసేదేముంది, నేలని వణికించడం తప్ప?"

"పక్కగదిలో పెడదాం."

"పక్కగదిదీ ఇదే చెక్క. ఆపండి. ఒరేయ్, నువ్వు ఆపు."

తమ్ముడు బావ వైపు చూశాడు. బావ తల తిప్పుకుని కెమెరాలో కన్ను పెట్టాడు. ఆవిడ నుదుట అంటుకున్న వెంట్రుకను సవరించుకుంది. పమిట సర్దుకుంది. తమ్ముడు గొట్టం తీసి, మెషిన్ దగ్గరికెళ్ళి స్విచ్ కట్టేశాడు.

గుర్రు ఆగిపోయింది.

ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ చప్పుడు లేని క్షణం లేదు. దానికి అలవాటుపడి వినడం కూడా మానేశారు. అది ఆగాక, దాని కింద ఇన్నాళ్ళూ దాక్కుని ఉన్న ఇంకో చప్పుడు బయటపడింది. ఎండిన ఆకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. ఆగి, నడిచి, ఆగి, నడుస్తున్నట్టు.

అది ఆవిడ ఊపిరి.

తమ్ముడు నేలచూపులు చూశాడు. భర్త రిమోట్‌ని గట్టిగా పట్టుకున్నాడు.

"కదలొద్దు."

టప్. అద్దం లేచింది.

అద్దం లేవగానే కెమెరాలో దృశ్యం ఆరిపోతుంది. కంటికి చీకటి తప్ప ఏమీ కనపడదు. రెండోసారి నొక్కేదాకా అందులోంచి చూడ్డానికేం ఉండదు. అతను తల ఎత్తాడు. మధ్యలో అద్దం లేదు, లెన్సు లేదు, కొలతల గీతలు లేవు. ఎదురుగా కుర్చీలో భార్య.

ఆవిడ కదలకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తోంది. చేతులు కుర్చీని పట్టుకున్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఊపిరి బిగబట్టింది. బిగబట్టిన ఊపిరి నిలవలేదు. గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోయింది, భుజాలు పైకి లేచాయి, భుజాలతో పాటు గడ్డం లేచింది. లేచి పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. చెయ్యి పైకెత్తి 'ఆపండి' అనదు. అతని వైపే చూస్తోంది.

అతని బొటనవేలు నొక్కేసింది.

క్లిక్.

తమ్ముడు ఒక్క గెంతులో మెషిన్ దగ్గరికెళ్ళాడు. గుర్రు మొదలైంది. గొట్టం పెట్టాడు. ఆవిడ పెదాల రంగు తిరిగి రావడానికి కొంతసేపు పట్టింది. ముగ్గురిలో ఎవరూ తెర వైపు చూడలేదు. ముందు ఆవిడే తేరుకుని కళ్ళద్దాలు పెట్టుకుంది. ఫొటోని పెద్దది చేసింది. కుర్చీ వీపు మీదకి వెళ్ళింది.

"ఇటు రండి," అంది.

అతను వచ్చి పక్కన వంగాడు.

చెక్క మీద గీతలు కత్తితో గీసినట్టున్నాయి. వార్నిష్ పగుళ్ళు లెక్కపెట్టవచ్చు. ఆవిడ కిందికి జరిపింది. కుర్చీ చేతి మీద మేకు తల. మేకు తల మీద తుప్పు. ఒళ్ళో చీర అంచు. అంచులో దారం. దారంలో పురి. ఇంతకన్నా నిక్కచ్చిగా ఆ కెమెరాతో ఎవరూ తీయలేరు.

"కుర్చీ నిలిచింది," అంది ఆవిడ. మళ్ళీ పైకి జరిపింది. "చీర నిలిచింది. గోడ నిలిచింది."

మొహం దగ్గర ఆగింది.

అక్కడ గడ్డం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. కళ్ళు రెండు మరకలు. తడి గుడ్డతో తుడిచినట్టు, చుట్టూ ఉన్న ప్రపంచమంతా పదునుగా నిలబడి, మధ్యలో ఆవిడ ఒక్కతే చెరిగిపోతోంది.

"ఇంతసేపూ కెమెరా వణికింది, నేల వణికింది, మెషిన్ వణికింది," అంది. "అన్నీ ఆపేశాం. ఇంకేం మిగల్లేదండీ. నేనే."

గొంతులో నిష్ఠూరం లేదు. వెనకగదిలోంచి ఇన్నేళ్ళూ వినిపించిన గొంతే.

తమ్ముడు తుడుచుకుంటున్నది కళ్ళద్దాలో కళ్ళో తెలియనివ్వకుండా కిటికీ వైపు తిరిగాడు. "కింద ఆవిడ ఎదురుచూస్తోంది... మెషిన్లు వేసుకోమని చెప్పొస్తా," అని ఎవరి జవాబూ వినకుండా మెట్లు దిగిపోయాడు.

భర్త లేచి కెమెరా దగ్గరికెళ్ళాడు. అలవాటుగా చెయ్యి దాని పైనున్న చక్రం మీదకి పోయింది. దాన్ని నాలుగైదు మెట్లు తిప్పితే చాలు. సున్నితత్వం పెరుగుతుంది, షట్టర్ రెప్పపాటులో మూసుకుంటుంది, ఊపిరికి లేచే భుజం కూడా ఆగినట్టు పడుతుంది. కాస్త గరుకు వస్తుంది, వస్తే రానీ. ఆవిడ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ నిలుస్తాయి. అది చూపించి, "చూశావా, నిలిచింది! నీకేం కాదు," అనొచ్చు. వచ్చే నెలకి మెట్లెక్కుతావనొచ్చు. అందరికీ మళ్ళీ ఫోన్లు చెయ్యొచ్చు.

అతని వేలు చక్రం మీదే ఉంది. ఆవిడ చూస్తోంది. అతనేం చేయబోతున్నాడో ఆవిడకి తెలుసు. వద్దనీ అనలేదు, కానివ్వండనీ అనలేదు. ఊపిరి తీసుకుంటోంది, అంతే. భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. అతనికి ఇప్పుడు అది తప్ప గదిలో ఇంకేమీ కనపడటం లేదు.

కెమెరా ఆపేశాడు. లెన్స్ మీద మూత పెట్టాడు.

ఒక స్టూలు లాక్కుని ఆవిడకెదురుగా, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఆవిడ చెవి వెనక గొట్టం మెలిపడి ఉంది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నర్సో, తమ్ముడో సర్దడమే కానీ, దాన్ని అతనెప్పుడూ చేత్తో ముట్టుకోలేదు. ఇప్పుడు మెల్లిగా మెలి విప్పాడు. వేళ్ళు వణికాయి. వణకనిచ్చాడు.

"ఫొటో నిలవలేదుగా," అంది ఆవిడ. "బేరం ప్రకారం నాకు మాట్లాడే హక్కు లేదు."

"చెప్పు," అన్నాడు.

ఆవిడ నమ్మనట్టు చూసింది. లేచిపోతాడేమోనని కాసేపు ఆగింది. పాలు పొంగలేదు. ఫోన్ మోగలేదు. అతను లేవలేదు.

"ఎన్ని అనుకున్నానో," అంది. "ప్రింటర్‌కి ఇంకు ఎక్కడ దొరుకుతుందో చెప్పాలని. మీ బీపీ మాత్రల సంగతి. తమ్ముడితో పేచీ పెట్టుకోకండని. వరస పెట్టుకున్నాను. రోజూ మనసులో చదువుకున్నాను."

"చెప్పు. వింటాను."

"అవేవీ కాదు." ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "నాకు భయంగా ఉందండీ."

భయమెందుకు, నేనున్నాగా, నీకేం కాదు... మాటలన్నీ ఎప్పట్లాగే నోటిదాకా వచ్చి నిలబడ్డాయి. అతను వాటిని మింగేశాడు. మింగడం కష్టమైంది.

"నాక్కూడా," అన్నాడు.

ఆవిడ తల అతని భుజం మీద పడింది. కింద లాండ్రీలో ఒకదాని వెనక ఒకటి మెషిన్లు తిరగడం మొదలైంది. నేల మళ్ళీ అదరసాగింది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు.